గిటార్ పిక్ నిజానికి ఒక స్ప్రింగ్

గిటార్ కొన్న రోజు షాపులో ఊరికే చేతిలో పెట్టే పిక్ ఒకటి, తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ ముక్క, ఉంటుంది చూడండి, పల్చగా, ఊపితే టపటపలాడేది. నేను దాదాపు రెండేళ్ళు దానితోనే వాయించాను. నా గిటార్ గొంతు కీచుగా ఉందని, లావు తీగలు అసలు పలకడం లేదని, తప్పంతా గిటార్‌దేనని నమ్మి రెండుసార్లు తీగలు మార్చాను, ఒకసారి బ్రిడ్జ్ (గిటార్ పొట్ట మీద తీగల చివర్లు ఆగే దిమ్మ) మీది సాడిల్ (తీగలు ఆనే సన్నటి పట్టీ) కూడా మార్పించాను. డబ్బులు పోయాయి, గొంతు మాత్రం అలాగే ఉంది. ఒకరోజు ఆ పిక్ ఎక్కడో పడిపోయి కనబడలేదు. గడువు తీరిన ఏటీఎం కార్డు ఒకటి సొరుగులో ఉంటే కత్తెరతో మూడు మూలలుగా కత్తిరించి, దానితో ఆరో తీగను, అన్నిటికంటే లావైనదాన్ని, మీటాను. అది అంత నిండుగా మోగడం వినడం అదే మొదటిసారి. కాసేపు కార్డు ముక్క వైపు, గిటార్ వైపు మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను.

ఏటీఎం కార్డు మందం ప్రపంచంలో ఎక్కడైనా 0.76 మి.మీ. ఉంటుంది, దానికో అంతర్జాతీయ ప్రమాణం ఉంది. నా పాత పిక్ మీద 0.46 అని అచ్చు వేసి ఉండేది. చెప్పుకోడానికి తేడా 0.3 మి.మీ., మూడు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెడితే సుమారుగా అంత. మరి ఇంత మార్పు ఎక్కడినుంచి వచ్చింది?

ఒక చివర పట్టుకుని రెండో చివరను వంచే పలక ఏదైనా సరే, చెక్క స్కేలు కానీ, ఈతకొలనులో దూకే పలక కానీ, పిక్ కానీ, వంగడానికి అది చూపే మొండితనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపైతే బిగువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. 0.46 నుంచి 0.76కి వెళ్తే మందం లెక్క ఒక్కటి చూసినా బిగువు నాలుగున్నర రెట్లవుతుంది. షాపులో 0.60, 0.73, 0.88 అని పక్కపక్కన పెట్టిన పిక్కులు వేళ్ళకు ఇంచుమించు ఒకేలా తగులుతాయి కానీ, ఒక్కో మెట్టుకీ బిగువు ముప్పావు వంతు దాకా పెరుగుతూ పోతుంది. మి.మీ. అంకెలు చూసి ‘ఎంతలే’ అనుకుంటే దెబ్బతినేది ఇక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. అదే సూత్రంలో పలక పొడవు కూడా ఉంది, అదీ ఘనమే, కాకపోతే తిరగేసి. అంటే వేళ్ళ బయటికి పిక్ ఎంత పొడుచుకొస్తోంది అన్నది సగానికి తగ్గిస్తే పిక్ ఎనిమిది రెట్లు బిగుస్తుంది. కాగితం మీద లెక్క వేస్తే 0.73 పిక్‌ను 6 మి.మీ. మాత్రమే బయటికి వదిలి పట్టుకున్నా, 1 మి.మీ. పిక్‌ను 8 మి.మీ. పైచిలుకు వదిలి పట్టుకున్నా తీగకు రెండూ ఒకటే. పిక్ కొనల దగ్గర సన్నబడుతుంది కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే రాదు, దిశ మాత్రం ఇదే. కాబట్టి ‘ఏ మందం కొనాలి’ అని ఎవరైనా అడిగితే నేను ముందు ‘ఎలా పట్టుకుంటావో చూపించు’ అంటాను. ఏదో గొప్ప గురువులా అడుగుతున్నానని నవ్వుతారు, నవ్వనివ్వండి.

బిగువు మారితే గొంతు ఎందుకు మారాలి అంటే, తీగను మీటినప్పుడు ఏం జరుగుతుందో నెమ్మదిగా చూడాలి. పిక్ తీగను పక్కకు లాగుతుంది, తీగ ఒక మూల ఉన్న త్రికోణంలా సాగుతుంది, పిక్ జారిపోగానే ఆ మూల రెండుగా చీలి అటూ ఇటూ పరుగెడుతుంది. ఐదో తీగను ఎక్కడా నొక్కకుండా మోగిస్తే సెకనుకు 110 సార్లు ఊగుతుంది, దానితో పాటే 220, 330, 440 అలా పైపై కంపనాలూ ఉంటాయి. ఇంటర్ ఫిజిక్స్‌లో అనుస్వరాలని చదివి పరీక్ష అయ్యాక మరిచిపోయినవే ఇవి. ఆ త్రికోణం మూల ఎంత వాడిగా ఉంటే, తీగను ఎంత ఠక్కున వదిలితే, పై అనుస్వరాలు అంత ఎక్కువ. మూల గుండ్రంగా ఉంటే, తీగ మెల్లగా జారితే అవి తగ్గిపోతాయి. తీగ జారడానికి సెకనులో వెయ్యో వంతు పట్టిందనుకుంటే, సెకనుకు వెయ్యి పైన ఊగేవన్నీ బలహీనపడటం మొదలవుతుంది. వేలి కండతో మీటితే మెత్తగా, గోటితో మీటితే గలగలమని వినిపించడానికి కారణం కూడా ఇదే.

పల్చటి పిక్ తీగను లాగబోతుంది, తీగ కదిలేలోపు తనే వంగిపోయి జారిపోతుంది. తీగ కొంచెమే సాగింది కాబట్టి శబ్దం తక్కువ. కానీ పిక్ వంగి తిరిగి కొట్టుకునే ‘టిక్’ శబ్దం మాత్రం తగ్గలేదు, అందుకే వినేవాడికి ఆ టిక్కే ముందుకొస్తుంది. పైగా మన చెవి తక్కువ వాల్యూమ్‌లో మంద్రాన్ని సరిగా పట్టుకోదు, ఆరో తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగేది, సగం అక్కడే పోతుంది. నేను గిటార్‌ని రెండేళ్ళు తిట్టింది దీనికి!

అలాగని పల్చటిది పనికిరాదని కాదు. పాట పాడుతూ ఆరు తీగల మీదా కిందికీ పైకీ గీసేవాళ్ళకు, అదే స్ట్రమ్మింగ్ చేసేవాళ్ళకు, అది వరమే. మీరు ఆవేశంలో గట్టిగా కొట్టినా పిక్ ఒక హద్దు దాటి తీగను లాగనివ్వదు, స్టూడియోలో శబ్దం హెచ్చుతగ్గులను అదుపు చేసే కంప్రెసర్ పని దాదాపు అదే. మందపు పిక్ అలా కాపాడదు. మెల్లగా మీటితే మెల్లగా, బాదితే చెవులు చిల్లులు పడేలా, చెయ్యి ఎంత చెబితే అంత. విడివిడి స్వరాలు వేగంగా వాయించేవాళ్ళు మందపు వాటి వైపు వెళ్ళేది ఇందుకే, పిక్ వంగి తిరిగొచ్చే దాకా ఆగక్కర్లేదు.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. పిక్ కంటే పెద్ద మీట ఇంకొకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు: తీగను ఎక్కడ మీటుతున్నాం అన్నది. మీటిన చోట ఏ అనుస్వరానికి కదలిక లేని బిందువు ఉంటుందో ఆ అనుస్వరం పలకదు. ఇంగ్లండ్ శాస్త్రవేత్త థామస్ యంగ్ 1800లోనే ఇది గమనించాడు. చాలా గిటార్లలో బ్రిడ్జ్ నుంచి నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) దాకా తీగ పొడవు 648 మి.మీ. సరిగ్గా సగంలో, అంటే పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ మెట్టు) మీద మీటితే 2, 4, 6 ఇలా సరిసంఖ్యల అనుస్వరాలన్నీ మాయమై గొంతు బోలుగా, కాస్త పిల్లనగ్రోవి పోలికతో వస్తుంది. బ్రిడ్జ్ వైపు జరిగే కొద్దీ పైవాటి వాటా పెరిగి గొంతు పదునెక్కుతుంది. ఇంకో చిక్కు, కుడిచెయ్యి బ్రిడ్జ్ నుంచి 81 మి.మీ. దూరంలో కదలకుండా ఉన్నా, నొక్కకుండా వదిలిన తీగకు అది ఎనిమిదో వంతు, అదే తీగను పన్నెండో ఫ్రెట్‌లో నొక్కితే నాలుగో వంతు. చెయ్యి కదల్లేదు, గొంతు మెత్తబడిపోయింది. పై ఫ్రెట్లలో సోలో వాయిస్తూ ‘ఇదేంటి మసకబారింది’ అనిపిస్తే పిక్‌ను తిట్టకుండా చెయ్యి కాస్త బ్రిడ్జ్ వైపు జరిపి చూడండి.

విశాఖలో బడి చదువు చదివిన సి.వి. రామన్ ఇక్కడ గుర్తుకు రాకుండా ఉండడు. కలకత్తాలో ఉండగా 1921లో ఆయన వీణ, తంబురాల మీద ఒక పరిశోధన పత్రం వేశాడు. యంగ్ చెప్పిన నియమం ప్రకారం పలకకూడని అనుస్వరాలు ఆ వాద్యాల మీద పలుకుతున్నాయని ఆయన చూపించాడు. కారణం బ్రిడ్జ్. గిటార్ సాడిల్ కత్తి అంచులా సన్నగా ఉంటుంది, తీగ ఒక్క గీత మీద ఆగుతుంది. వీణ గుర్రం, అంటే దాని బ్రిడ్జ్, పైభాగం వెడల్పుగా, కాస్త వంపుగా ఉండి తీగ ఊగుతున్నప్పుడల్లా దాన్ని ఆనుకుంటూ వదులుతూ ఉంటుంది, తంబురాకైతే కింద దారప్పోగు కూడా పెడతారు. మీటేటప్పుడు లేని అనుస్వరాలు ఆ రాపిడిలో పుట్టుకొస్తాయి. కాబట్టి ఎక్కడ మీటామన్న దాని పెత్తనం గిటార్ మీద నడిచినంతగా తంబురా మీద నడవదు.

పిక్ కొన సంగతి త్వరగా చెప్పేస్తాను. మామూలు పిక్‌కు మూడు మూలలుంటాయి, ఒకటి వాడి, రెండు గుండ్రం. మెత్తటి గొంతు కావాలంటే కొత్త పిక్ కొనక్కర్లేదు, ఉన్నదాన్నే తిప్పి గుండ్రటి భుజంతో మీటితే చాలు. పట్టుకునే కోణం కూడా అంతే ముఖ్యం. పిక్‌ను తీగకు సమాంతరంగా, చదునుగా పెట్టి మీటితే తీగ ఒక్కసారి ఠక్కున జారుతుంది. కొంచెం ఏటవాలుగా పెడితే అంచు మీద ఒరుసుకుంటూ జారుతుంది, మొదలు మెత్తగా ఉంటుంది, కానీ లావు తీగల మీద చుట్టిన సన్న తీగ మెలికలకు ఆ అంచు రాసుకుని ‘జిర్ర్’ మంటుంది. రాక్ వాయించేవాళ్ళు ఆ జిర్రునే ఇష్టంగా తెచ్చుకుంటారు. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే పిక్‌కు బదులు పాత బ్రిటిష్ ఆరు పెన్నీల నాణెం వాడతాడు, దాని అంచున ఉండే గాట్లు తీగను గీరుకుంటూ పోతాయి. ఆ నాణెం ఇంచుమించు మన పాత స్టీలు పావలా అంత. నేనూ పావలాతో ప్రయత్నించాను. తీగ మీద చెంచాతో గిన్నె గీకినట్టుంది. నాణెం సొంతంగా వంగదు కాబట్టి ఆ మెత్తదనమంతా వేళ్ళే ఇవ్వాలి, నా వేళ్ళకు అంత ఓపిక లేదు.

ఇక పదార్థం. గిటార్ మనుషులు గంటలు గంటలు వాదించుకునేది దీని గురించే, నా లెక్కలో అన్నిటికంటే తక్కువ తేడా తెచ్చేదీ ఇదే. ఒకప్పుడు మేలు రకం పిక్కులు హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు పెంకుతో చేసేవారు. మన విశాఖ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ వేరు, ఇది వేరు. ఆ పెంకు కెరాటినే, మన గోళ్ళూ అదే కుటుంబం, అందుకే కాబోలు దాని మోతలో గోటి పోలిక ఉందంటారు. 1970లలో అంతర్జాతీయ ఒప్పందాలతో ఆ వ్యాపారం నిషేధమైంది, మంచి పనే జరిగింది. దానికి చాలా ముందే, 1922లో న్యూయార్క్‌లో లూయిజీ డాండ్రియా అనే ఆయన సెల్యులాయిడ్ రేకుల నుంచి పిక్కులు కొట్టడం మొదలుపెట్టాడు. సెల్యులాయిడ్‌లో కర్పూరం కలుపుతారు. మీ దగ్గర సెల్యులాయిడ్ పిక్ ఉంటే అంచును సాండ్ పేపర్ మీద రుద్ది వాసన చూడండి, హారతి పళ్ళెం గుర్తొస్తుంది. నిప్పు దగ్గర మాత్రం పెట్టకండి, కర్పూరంలాగే భగ్గుమంటుంది.

తర్వాత నైలాన్ వచ్చింది, 1981లో డన్‌లప్ కంపెనీ టార్టెక్స్ తెచ్చింది, ఆ పేరులోనే తాబేలు దాక్కుని ఉంది. ఇవన్నీ ప్లాస్టిక్‌లే, బిగువులో ఒకదానికొకటి తేడా మహా అయితే రెండు మూడు రెట్లు, అది మందం ఒకటి రెండు మెట్లు మార్చి సరిచేసుకోగలిగినదే. నిజంగా తేడా వచ్చేది నునుపులో, అరుగుదలలో, పట్టులో. నైలాన్ తేమ పీల్చుకుని కొంచెం మెత్తబడుతుంది. టార్టెక్స్ పైన గరుగ్గా ఉంటుంది కాబట్టి చెమట చేతుల్లోంచి జారదు, మే నెలలో విజయవాడలో వాయించేవాళ్ళకు గొంతు కన్నా ఈ గుణమే ముఖ్యం. సరోద్ వాయించేవాళ్ళు వాడే పిక్‌ను జవ్వా అంటారు, దాన్ని కొబ్బరి చిప్పతో చేస్తారు, నేనూ ఒకటి అరగదీశాను, మందంగా, మొద్దుగా వచ్చింది, గొంతు గుండ్రంగా ఉంది. అది కొబ్బరి మహిమ కాదు, నేను కొనను అంత గుండ్రంగా అరగదీయడం వల్లే అని నా అనుమానం.

ఈ అనుమానం తీర్చుకుందామని మొన్న సెలవుల్లో ఐదు పిక్కులతో ఒకే ముక్క వాయించి ఫోన్‌లో రికార్డు చేసి, ఏది ఏదో చెప్పకుండా మా తమ్ముడికి వినిపించాను. పల్చటిదాన్ని వెంటనే పట్టేశాడు. 0.88 నైలాన్‌కూ 0.88 టార్టెక్స్‌కూ తేడా నాలుగుసార్లు విన్నా చెప్పలేకపోయాడు, నేను లోపల మురిసిపోయాను. చివరిది 1.5 మి.మీ.ది. ‘ఇది చాలా మెత్తగా ఉంది’ అన్నాడు. మందం వల్లేనని నేను వివరించబోతుంటే ఆపి, ‘అక్కా, వీడియో తీశావుగా, అది పెట్టు’ అన్నాడు. పెట్టాను. మొదటి నాలుగింటికీ నా చెయ్యి సౌండ్ హోల్ (గిటార్ పొట్ట మీది గుండ్రటి రంధ్రం) వెనక అంచు మీదే ఉంది. ఐదోదానికి తెలియకుండానే రెండు వేళ్ళ మందం ముందుకు, బ్రిడ్జ్‌కు దూరంగా మెడ వైపు జరిగిపోయింది.