పదో మ్యూజ్‌కు చోటుందా? కళాదేవతల సంఖ్యపై వివాదానికి నేపథ్యం

గ్రీకు పురాణాల్లోని కళాదేవతలైన మ్యూజ్‌ల స్ఫూర్తితో నవల కోసమో, వీడియో గేమ్ కోసమో ఎవరైనా కొత్త పాత్రను సృష్టించిన ప్రతిసారీ ఒకే అభ్యంతరం వినిపిస్తుంది: మ్యూజ్‌లు తొమ్మిదిమందే, ఎవరి కళ వారిదే, పదో ఆమెను చేర్చడం పురాణాన్ని వక్రీకరించడమే. వారు దేవతల రాజు జ్యూస్‌కూ, జ్ఞాపకదేవత నెమోసినీకీ పుట్టారన్న కథ అందరికీ తెలిసిందే. ఈ వివాదానికి అసలు మూలం మాత్రం వారికి కళలను పంచిపెట్టిన కాలంలో ఉంది.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న క్రీ.శ. 2వ శతాబ్దపు రోమన్ పాలరాతి శవపేటిక మీద తొమ్మిదిమందీ వరుసగా నిలబడి కనిపిస్తారు. థాలియా చేతిలో హాస్యనాటకపు ముసుగు, యూటర్పీ చేతిలో జంట వేణువులు, యురేనియా దగ్గర ఆకాశాన్ని సూచించే గోళం ఉంటాయి. వస్తువును చూసి దేవతను గుర్తుపట్టే ఈ పద్ధతి రోమన్ల కాలంలోనే స్థిరపడింది. ఇంకా ఎవరికీ దక్కని కళ ఏదని వెతికే నేటి రచయితలకూ, వారిని తప్పుపట్టేవారికీ ప్రమాణం ఈ పంపకమే.

దానికి సుమారు ఏడు శతాబ్దాల ముందు, క్రీ.పూ. 570 ప్రాంతంలో చేసిన ఫ్రాన్స్వా కలశం అనే గ్రీకు మట్టి కలశం ఇప్పుడు ఫ్లోరెన్స్‌లో ఉంది. వీరుడు పీలియస్, సముద్రదేవత థెటిస్‌ల పెళ్లికి వెళ్లే దేవతల ఊరేగింపులో మ్యూజ్‌లను కూడా చిత్రించి, పక్కనే పేర్లు రాశారు. అందులో కాలియోపీ ఒక్కతే గొట్టాలు జతచేసిన వేణువు ఊదుతుంది. మిగిలినవారికి ప్రత్యేక చిహ్నాలేవీ లేవు. పైగా టెర్ప్సికొరీ ఉండవలసిన చోట స్టెసికొరీ అనే పేరుంది. సంఖ్య విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. గ్రీస్‌లోని హెలికాన్ కొండ మీద మొదట పూజలందుకున్నది సాధన, జ్ఞాపకం, గానం అనే ముగ్గురేనని, తొమ్మిదిమందిని నెలకొల్పినది మాసిడోనియాకు చెందిన పియరస్ అని ప్రాచీన గ్రీకు యాత్రా రచయిత పౌసానియస్ నమోదు చేశాడు. రోమన్ రచయిత సిసెరో నలుగురి పేర్లు కూడా చెప్పాడు. ప్లేటోకు ఆపాదించే ఒక చాటువు లెస్బోస్ కవయిత్రి శాఫోను పదో మ్యూజ్‌గా లెక్కించింది. 1650లో లండన్‌లో అచ్చయిన ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ కవితా సంపుటి పేరులోనూ ఆ బిరుదే ఉంది.

ఉన్న పేరును తీసుకుని దాని కథను మార్చేస్తే, కొత్తగా చదివేవారు అయోమయంలో పడతారన్న విమర్శకుల మాట కొట్టిపారేయదగినది కాదు. కొత్త పేరుతో వచ్చే పాత్రకు మాత్రం ఆ ఆక్షేపణ వర్తించదు.

నిజానికి పాత్ర సృష్టికి కావలసిన సామగ్రి ఆ కళల జాబితాలో కంటే పాత కావ్యాల్లోనే ఎక్కువగా దొరుకుతుంది. ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ తొమ్మిది పేర్లూ చెప్పాడే గాని కళలను విడివిడిగా పంచలేదు. కాలియోపీని మాత్రం అందరిలో శ్రేష్ఠురాలిగా, రాజుల వెంట ఉండే దేవతగా వర్ణించాడు. అతని మ్యూజ్‌లు నిజంలా తోచే అబద్ధాలు చెప్పగలరు, తలచుకుంటే నిజమూ పలకగలరు. హోమర్ కావ్యం ఇలియడ్‌లో థామిరిస్ అనే గాయకుడు పాటలో వారినే గెలుస్తానని గొప్పలు పోతే, వారు ఆగ్రహించి అతని గానాన్ని హరించి, కితారా అనే తంత్రీవాద్యం వాయించే విద్యను కూడా మరపించారు.