ఉలవగింజ చెప్పే మలుపు: తొలి నాగరికతలపై అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ఉంటూ, తవ్వకాల్లో దొరికే గింజలను పరిశీలించడం నా వృత్తి. అమరావతి శిల్పాల కోసం (పాలరాయి అంటారు గానీ అది పలనాటి సున్నపురాయి) ఎగ్మోర్ మ్యూజియానికి వచ్చే తెలుగువారికి తోడుగా వెళ్ళినప్పుడల్లా మాట నాగరికతల పుట్టుక మీదికి మళ్ళుతుంది. అప్పుడు తరచుగా వినబడేవి ఇవి.

అపోహ: ముందు సేద్యం కనిపెట్టారు, వెంటనే ఊళ్ళు వెలిశాయి, ఆ తర్వాతే గుళ్ళు వచ్చాయి.

వాస్తవం: ఈ వరుస అన్నిచోట్లా నిలవదు. తుర్కియేలోని గోబెక్లి తెపెలో క్రీ.పూ. 9500 ప్రాంతంలో టన్నుల బరువున్న స్తంభాలను నిలబెట్టినవారు వేటాడి, అడవి ధాన్యం ఏరుకొని బతికినవారే. మన వైపు కథ వేరు. బళ్ళారి, రాయచూరు, పాలమూరు ప్రాంతాల బూడిద దిబ్బల్లో ఒకదాన్ని, హంపీ దగ్గర, వాలిని దహనం చేసిన చోటుగా చెప్పుకుంటారు. పాలమూరు వైపు ఉట్నూరు దిబ్బను 1957లో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్‌కు బూడిద పొరల్లో పశువుల గిట్టల గుర్తులు కనిపించాయి. అది మళ్ళీ మళ్ళీ కాలిన పేడ, ఆ చోటు ఒక దొడ్డి. అంటే ఇక్కడ గట్టిగా కనబడే తొలి మలుపు నాగలిది కాదు, మందది.

సేద్యం జాడ కోసం తవ్విన మట్టిని బకెట్ నీళ్ళలో వేసి చేత్తో మెల్లగా కలుపుతాం. మట్టి అడుగుకు దిగుతుంది, మాడిన గింజలు పైకి తేలతాయి, వాటిని పలుచని గుడ్డలో వడకట్టి నీడన ఆరబెడతాం. బళ్ళారి దగ్గర సంగనకల్లులో అలా బయటపడినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు. ఉలవచారుకు దాదాపు నాలుగు వేల ఏళ్ళ వెనకటి ముడిసరుకు అన్నమాట. సాగులో గింజ లావెక్కడానికి ఎన్నో తరాలు పట్టింది కనుక, ఆ మార్పు మధ్యలో బతికినవారికి తాము ఒక మలుపులో ఉన్నామన్న ఊహ కూడా ఉండి ఉండదు.

అపోహ: రాత కావ్యాల కోసం పుట్టింది.

వాస్తవం: మెసొపొటేమియా (నేటి ఇరాక్)లోని ఉరుక్ నగరపు తొలి మట్టి పలకల్లో అధికభాగం బార్లీ, బీరు, గొర్రెలు, కూలీల బత్తెం లెక్కలే. గుమాస్తాలు గర్వపడవచ్చు.

అపోహ: సింధు నగరాలను దండయాత్ర ఒక్క దెబ్బతో కూల్చింది.

వాస్తవం: మొహెంజొదారోలో దొరికిన కొన్ని పదుల అస్థిపంజరాలను చూసి పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ఊచకోత అన్నాడు. అవి ఒకే కాలానివి కావని, యుద్ధపు ఆనవాళ్ళు లేవని 1964లో జార్జ్ డేల్స్ చూపించాడు. క్రీ.పూ. 1900 తర్వాత నగరాలు పలచబడి, జనం తూర్పుకూ గుజరాత్‌కూ పల్లెలుగా విస్తరించారు. వర్షాలు తగ్గడం ఒక కారణం. అదొక్కటే కారణమనడం మరో అపోహ.

అపోహ: ఇనుపయుగం తమిళనాట పుట్టిందని తేలిపోయింది.

వాస్తవం: 2025 జనవరిలో తమిళనాడు తూత్తుకుడి జిల్లాలోని శివగళై తవ్వకాల తేదీలను, క్రీ.పూ. 3345 దాకా వెళ్ళేవాటిని, చెన్నైలో ప్రకటించినప్పటి నుంచి ఇదే మాట వింటున్నాను. ఆ తేదీలు ఇనుముతో పాటు దొరికిన బొగ్గు, కుండ పెంకుల వంటివాటివి. అదే కాలపు కొలిమి, దాని పక్కన ఇనుప చిట్టెం (ఇనుము తీశాక మిగిలే మడ్డి), మరో రెండు మూడు ఊళ్ళలో బయటపడితే అప్పుడు దాన్ని మలుపు అంటాను.