నోట్లోంచి వెళ్ళి నాడా కోసే ఆపరేషన్

"మా అత్తగారికి ఏడాదిగా అన్నం దిగడం లేదు. ముద్ద రొమ్ము ఎముక వెనక ఆగిపోతుందంటారు. ఈమధ్య మంచినీళ్ళు కూడా అంతే. గ్యాస్ అన్నారు, దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం. ఇప్పుడు ఇది అకలేషియా అనీ, ఎక్కడా కోయకుండా నోట్లోంచే ఆపరేషన్ చేస్తామనీ అంటున్నారు. నమ్మొచ్చా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

నమ్మొచ్చు. కోయకుండా అన్నదొక్కటే నిజం కాదు. కోత లోపల ఉంటుంది, ఆ కోత ఎక్కడ పెడతారన్న దాంట్లోనే ఉంది తెలివంతా.

బళ్ళో అన్నవాహికను ఉత్త గొట్టంలా గీయించి వదిలేస్తారు. తలకిందులుగా వేలాడుతూ కూడా నీళ్ళు మింగగలమని ఏ మాస్టారూ చెప్పరు. కండరాలు పైనుంచి కిందికి అలలా ముడుచుకుంటూ ముద్దను నెడతాయి కాబట్టే అది సాధ్యం. చివర, జీర్ణాశయం గుమ్మం దగ్గర, ఒక కండర వలయం ఉంటుంది. బిగుసుకుని ఉండటం దాని సహజస్థితి. వదులవ్వాలంటేనే ఆజ్ఞ కావాలి. ఆ ఆజ్ఞ ఇచ్చే నాడీకణాలు అన్నవాహిక గోడలోనే, రెండు కండరాల పొరల మధ్య, ఆవర్‌బాక్ ప్లెక్సస్ అనే అల్లికలో ఉంటాయి. అవి వదిలే నైట్రిక్ ఆక్సైడ్ కండర కణంలోకి దూరి సైక్లిక్ జీఎంపీ అనే సంకేత రసాయనాన్ని పెంచుతుంది, దాంతో కాల్షియం తగ్గి పట్టు సడలుతుంది. అకలేషియాలో చచ్చిపోయేవి సరిగ్గా ఈ కణాలే. బిగించమని చెప్పే ఎసిటైల్‌కోలిన్ కణాలు చాలావరకు బతికే ఉంటాయి. దాంతో గుమ్మం తెరుచుకోదు, పైనుంచి వచ్చే అల కూడా దెబ్బతింటుంది. ఏడాదికి లక్షమందిలో సుమారు ఒకరికి కొత్తగా వచ్చే జబ్బిది.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తడతాం కదా. ఈ రోగులకు రాత్రి పడుకున్నాక, పైన నిలిచిపోయిన అన్నం వెనక్కొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తలుచుకునేవాళ్ళ సంగతేమో గానీ, న్యుమోనియా మాత్రం వస్తుంది.

చచ్చిన నాడీకణాలను బతికించే మందు లేదు. కాబట్టి వైద్యమంతా ఆ వలయాన్ని వదులు చేయడమే. లంగా నాడా పీటముడి పడిందనుకోండి. నాడా బయటికి కనిపించదు, బట్ట మడతలో ఉంటుంది. అన్నవాహికలోనూ అంతే: లోపల పల్చటి మ్యూకోసా పొర, దాని వెనక వదులుగా ఉండే సబ్‌మ్యూకోసా, ఆ వెనక గుండ్రంగా చుట్టుకున్న కండరం. ఈ కండరమే మన నాడా.

1674లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు తిమింగలం ఎముక చివర స్పాంజి కట్టి, అన్నాన్ని కిందికి తోయించాడు. తర్వాత వలయంలో బెలూన్ పెట్టి ఉబ్బించే పద్ధతి వచ్చింది. అంటే నాడాను సాగదీయడం. సాగిన నాడా చాలామందిలో మళ్ళీ బిగుస్తుంది. 1913లో జర్మనీలో ఎర్న్‌స్ట్ హెల్లర్ అనే సర్జన్ బయటివైపు నుంచి కండరాన్ని కోశాడు. 1990ల నుంచి అదే పని లాపరోస్కోపీతో, పొట్టమీద చిన్న చిన్న రంధ్రాల్లోంచి చేస్తున్నారు.

లోపలినుంచి నేరుగా కోసేస్తే? బట్టా నాడా ఒకేచోట తెగుతాయి. ఆ కన్నంలోంచి ఎంగిలి, బాక్టీరియా గుండె పక్కకు చేరితే ప్రాణాలమీదికి వస్తుంది. అందుకే బట్టను బెత్తెడున్నర పైన చిన్నగా చీల్చాలి. ఆ చీలికలోంచి బట్టకీ నాడాకీ మధ్య దూరి కిందికి జారి, అక్కడ నాడాను మాత్రం కోయాలి. వెనక్కొచ్చి చీలికను మూసేయాలి. నాడా తెగినచోట బట్ట చెక్కుచెదరదు, బట్ట చిరిగినచోట నాడా చెక్కుచెదరదు. రెండు కన్నాలూ ఎదురెదురుగా ఉండవు. ఎంత సులువుగా ఉందో చూడండి, కానీ ఇది తట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది! పంకజ్ పస్రిచా బృందం 2007లో పందుల మీద చేసి చూపింది. జపాన్‌లోని యొకొహామాలో హరుహిరో ఇనోవే 2008లో మనిషికి చేశారు, 2010లో 17 మంది ఫలితాలు ప్రచురించారు. దీని పేరు పోయెమ్ (పెర్ ఓరల్ ఎండోస్కోపిక్ మయాటమీ), అంటే నోట్లోంచి ఎండోస్కోపుతో వెళ్ళి కండరాన్ని కోయడం.

రోగికి పూర్తి మత్తు ఇస్తారు. ఎండోస్కోపు, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంలోంచి, సూదితో నీలిరంగు కలిపిన సెలైన్ ఎక్కిస్తే మ్యూకోసా ఉబ్బి పైకి లేస్తుంది. అక్కడ 2 సెంటీమీటర్ల కోత పెట్టి, స్కోపు తలను లోపలికి దూరుస్తారు. ఒకవైపు మ్యూకోసా, మరోవైపు తెల్లటి కండరం, మధ్యలో నీలంగా సన్నటి పీచు. కరెంటు కత్తితో ఆ పీచును తెంపుకుంటూ జీర్ణాశయంలోకి 2, 3 సెంటీమీటర్ల దాకా సొరంగం తవ్వుతారు. ఊదేది మామూలు గాలి కాదు, కార్బన్ డయాక్సైడ్. పొరల మధ్యకు పోయినా ఒంట్లో త్వరగా ఇంకిపోతుంది. తర్వాత కండరాన్ని పోగు పోగుగా కోసి, బయటికొచ్చి, పైచీలికకు క్లిప్పులు పెడతారు. హైదరాబాద్‌లో డాక్టర్ నాగేశ్వరరెడ్డి గారి ఏఐజీ ఆసుపత్రి బృందం వందలమందికి ఇది చేసి ఫలితాలు ప్రచురించింది.

మరి నాడా కోస్తే లంగా జారదా? జారుతుంది. తెరుచుకున్న గుమ్మంలోంచి యాసిడ్ పైకి తన్నుతుంది. లాపరోస్కోపీలో జీర్ణాశయం పైభాగాన్నే కొంచెం తెచ్చి చుట్టి, వదులుగా ఇంకో నాడా కడతారు. పోయెమ్‌లో మామూలుగా అది ఉండదు. 221 మందితో 2019లో ప్రచురించిన పోలికలో రెండేళ్ళకు రెండు పద్ధతులూ దాదాపు సమానం: ఉపశమనం పోయెమ్‌తో 83%, లాపరోస్కోపీతో 82%. యాసిడ్ వల్ల అన్నవాహిక ఒరిసిపోవడం మాత్రం మూడు నెలలకు పోయెమ్ వాళ్ళలో 57%, లాపరోస్కోపీ వాళ్ళలో 20%. రెండేళ్ళకు 44%, 29%. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. చాలాచోట్ల హడావిడిలో సంతకం పెట్టించుకుంటారు.

మీ అత్తగారి మనోమెట్రీ (అన్నవాహికలో ఒత్తిడి కొలిచే పరీక్ష) రిపోర్టు చూడండి, అకలేషియా ఏ రకమో ఉంటుంది. మూడో రకంలో వలయంతో పాటు దాని పైన చాలా మేర కండరం మెలిపడుతుంది. పొట్టవైపు నుంచి వెళ్ళే సర్జన్‌కు అంత పైకి చెయ్యందదు, సొరంగాన్నైతే ఎంత పైనుంచైనా మొదలుపెట్టొచ్చు. ఆ రకమైతే నా ఓటు పోయెమ్‌కే. ఒకటో, రెండో రకమైతే లాపరోస్కోపీ, బెలూన్ గురించి కూడా అడగండి. పెద్దవయసు కాబట్టి, గుమ్మం దగ్గర క్యాన్సర్ ఉన్నా ఇలాగే కనిపించొచ్చు. అది లేదని తేల్చారో లేదో ముందు కనుక్కోండి. ఏ ఆపరేషన్ చేసినా అల పూర్తిగా తిరిగి రాదు, ఆవిడ నిటారుగా కూర్చునే తినాలి, రాత్రి అన్నం పెందలాడే పెట్టేయండి.