పోయిన డబ్బు ఆటలోనే రాబట్టుకోవచ్చా? ఆన్‌లైన్ పోకర్: అపోహలు - వాస్తవాలు

గత నెలలో ఒక సాయంత్రం 30 ఏళ్ళలోపు యువకుడొకరు, వెంట వచ్చిన తండ్రిని బయట కూర్చోబెట్టి, నాతో ఒంటరిగా మాట్లాడాలన్నారు. ఆన్‌లైన్ పోకర్‌లో 4 లక్షలు పోయాయని చెప్పారు. ఆయన కోరింది ఆట మానడానికి వైద్యం కాదు. ఇంకో రెండు నెలలు ప్రశాంతమైన మనసుతో ఆడగలిగేలా నిద్రకు మందు. "ఆడటం నాకు వచ్చు డాక్టరు గారూ, తొందరపాటు వల్ల పోయింది. అది వెనక్కి వస్తే ఇక ఆ ఫోను ముట్టుకోను" అన్నారు. మానసిక వైద్యుడిగా ఈ మాటను కొద్దిపాటి తేడాలతో నేను వినని నెల లేదు. అందుకే మిగిలిన అపోహల కంటే దీని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: పోయినదాన్ని ఆటలోనే రాబట్టుకోవచ్చు.

వాస్తవం: పోయిన డబ్బుకూ, పడబోయే ముక్కకూ ఏ సంబంధమూ లేదు. పోకర్‌లో మొదట ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలే వస్తాయి; ఆ రెండూ ఆసులు, అంటే అన్నిటికంటే మంచి జత, అయ్యే అవకాశం 221 పంపకాలకు ఒకటి. గడచిన 500 పంపకాలలో ఒక్కసారీ రాకపోయినా తరువాతి పంపకంలో ఆ అవకాశం రవ్వంత కూడా పెరగదు. రెండు ఆసులు పట్టుకుని, ఎదుటివారి రెండు రాజుల మీద ఉన్నదంతా ఒడ్డిన ఆటగాడు ఏ తప్పూ చేయలేదు; అయినా తరువాత బల్ల మీద తెరిచే ఉమ్మడి ముక్కల వల్ల దాదాపు 18 శాతం సందర్భాలలో అతడు ఓడిపోతాడు. నిలకడగా ఆడేవారు దీన్ని ఆటలో భాగంగా తీసుకుని లేచిపోగలరు. పోయినదంతా ఈ రాత్రికే తిరిగి రావాలని కూర్చున్న మనిషికి మాత్రం అది తనకు జరిగిన అన్యాయంగా తోస్తుంది, ఆ అన్యాయాన్ని సరిచేయడానికి పందెం పెంచుతాడు. పోకర్ ఆడేవారు టిల్ట్ అని పిలిచే స్థితి ఇదే. పోకర్‌లో నైపుణ్యమంటే ముఖ్యంగా పనికిరాని ముక్కలను పారేసి ఊరుకోగలగడం. అప్పు తీర్చే గడువు నెత్తిమీద ఉన్నవారు చేయలేని పని కూడా సరిగ్గా అదే. కాబట్టి "నాకు ఆడటం వచ్చు" అన్న మాట నిజమే అయినా, రాబట్టుకోవడానికి కూర్చున్న క్షణం నుంచి ఆ వచ్చిన ఆట అక్కరకు రాదు.

దీనికి తోడు రేక్ ఉంది, అంటే పోగైన పందెం నుంచి నిర్వాహకుడు తీసుకునే కోత. ఉదాహరణకు ఆరుగురు తలా 1,000 రూపాయలతో కూర్చున్నారనుకోండి. ఒక్కో ఆటలో సగటున 200 రూపాయలు పోగై, అందులో 5 శాతం నిర్వాహకుడు తీసుకుంటే ఆటకు 10 రూపాయలు; గంటకు 60 ఆటలు నడిస్తే 600 రూపాయలు. ఆరుగురూ సమాన ప్రతిభ గలవారైతే, పది గంటలలో ఆ బల్ల మీదికి వచ్చిన 6,000 రూపాయలూ నిర్వాహకుడివే. క్లబ్బులో ముక్కలు కలిపి పంచి ఆడితే గంటకు 25, 30 ఆటలు దాటడం కష్టం. ఫోనులో ఒక్క బల్ల మీదే అంతకు రెట్టింపు నడుస్తాయి, పైగా ఒకేసారి మూడు నాలుగు బల్లలు తెరుచుకోవచ్చు. ఎదుటివారికంటే కొంచెం బాగా ఆడితే ఇక్కడ చాలదు. ఈ కోతను కూడా మించినంత బాగా ఆడాలి. గెలుపు మీద పన్ను వేరే. ఆన్‌లైన్ ఆటల నికర గెలుపుపై 30 శాతం ఆదాయపు పన్నును, ఆటలో వేసే డబ్బుపై 28 శాతం జీఎస్టీని 2023లోనే విధించారు.

ఆ యువకుడిని నేను వాదించి ఒప్పించడానికి ప్రయత్నించలేదు. బ్యాంకు నుంచి పన్నెండు నెలల స్టేట్‌మెంటు తీయించుకుని, ఆటలోకి వెళ్ళిన ప్రతి మొత్తం కింద ఎర్ర గీత, తిరిగి వచ్చిన ప్రతి మొత్తం కింద నీలి గీత పెట్టుకుని రమ్మన్నాను. వారం తరువాత వచ్చి ఆ కాగితాలు నా బల్ల మీద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. పోయింది 4 లక్షలు కాదు, 7 లక్షలకు పైగా. ఆయన అబద్ధం చెప్పలేదు. పెద్ద గెలుపు వచ్చిన రాత్రులన్నీ ఆయనకు తేదీలతో సహా గుర్తున్నాయి. అర్ధరాత్రి దాటాక ఐదు వందలు, వెయ్యి చొప్పున వెళ్ళినవి గుర్తు లేవు. జ్ఞాపకం ఇలా పక్షపాతం చూపడం ఈ జబ్బు లక్షణాలలో ఒకటి. ఇది జబ్బేనని, వ్యక్తిత్వ లోపం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ కూడా చెబుతోంది.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ భయం నాకు తెలుసు. అప్పులవాళ్ళు ఇంటి ముందుకు వస్తారన్న బెంగతో పొలమో, బంగారమో అమ్మి ఒక్కసారిగా అంతా కట్టేయాలనుకుంటారు. వైద్యం మొదలుకాక ముందే అలా కట్టేస్తే, ఎలాగైనా తీరుతుందన్న ధైర్యం ఆడేవారి మనసులో నిలిచిపోతుంది. అప్పు తీర్చండి, కానీ డబ్బు కొడుకు చేతికివ్వకుండా నేరుగా అప్పిచ్చినవారికి విడతలుగా కట్టండి. అంతకంటే ముందు అప్పులన్నీ ఒక కాగితం మీద రాయించండి.

ఇక మిగిలినవి క్లుప్తంగా.

"ఇది జూదం కాదు, నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టే అన్నది" అని చాలామంది వాదిస్తారు. 1968 నాటి ఆ తీర్పు రమ్మీ గురించినది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఆడిన ఆట గురించినది. పందెం ఆట మీద క్లబ్బు యజమాని లాభం చేసుకుంటుంటే అది నేరం కావచ్చని కూడా అదే తీర్పులో ఉంది. ఆ వాక్యాన్ని ఉటంకించినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

"సైటు వాళ్ళు ముక్కలు మార్చేశారు" అన్న పుకారుతో నాకు ఓపిక నశించింది. పైన చెప్పిన రేక్ లెక్క చూసినవారికి, నిర్వాహకుడు ఏ మోసమూ చేయకుండానే మీ డబ్బు కరిగిపోతుందని అర్థమవుతుంది. ఈ పుకారు నమ్మినవారు ఆట మానరు, ఇంకో సైటుకు మారతారు.

"నిషేధం వచ్చింది కాబట్టి డాక్టరుకు చెబితే కేసవుతుంది" అన్న భయం మాత్రం నన్ను బాధిస్తుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా నిషేధించింది. అందులోని శిక్షలు ఆట నడిపేవారికి, ప్రకటనలు ఇచ్చేవారికి, చెల్లింపులు జరిపేవారికి. ఆడి నష్టపోయినవారికి కాదు. తమ జూద చట్టాలకు తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తెచ్చిన సవరణలు వేరే ఉన్నాయి, వాటి సంగతి న్యాయవాదిని అడగండి. అయితే మీరు నాకు చెప్పినదాన్ని గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీకున్న హక్కు. నిషేధం తరువాత విదేశీ సైట్ల లింకులు పట్టుకుని ఆడుతున్నవారు ఇప్పుడు వస్తున్నారు. గెలిచిన డబ్బు ఇవ్వకపోతే అడగడానికి కూడా వారికి ఎవరూ లేరు.

పోకర్‌లో మంచే లేదా అని అడిగితే, ఉంది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులలో హాస్టల్లో అగ్గిపుల్లలు పందెంగా పెట్టి ఆడేవాళ్ళం. సంభావ్యత అంటే ఏమిటో నాకు పాఠ్యపుస్తకం కంటే ఆ అగ్గిపుల్లలే బాగా నేర్పాయి, ఓడిపోయిన ఆటను వదిలేయడం కూడా. డబ్బు లేకుండా ఆడే పోకర్‌లో ఆ ప్రయోజనమంతా ఉంటుంది. కానీ నష్టపోయి బయటపడినవారికి నేను దాన్ని కూడా సిఫారసు చేయను. తాగుడు మానినవారికి సీసా వాసన చూపించినట్లవుతుంది.

రాత్రి పూట ఆడాలన్న ఒత్తిడి భరించలేకపోతే, లేదా బ్రతకాలని లేదన్న ఆలోచన వస్తే, తెల్లవారే వరకు ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. వైద్యుడి దగ్గరకు వెళ్ళేటప్పుడు పన్నెండు నెలల స్టేట్‌మెంటు, ఎర్ర పెన్ను, నీలి పెన్ను తీసుకువెళ్ళండి. ఇంట్లో గీతలు పెట్టడం కష్టంగా ఉంటే అక్కడే, ఆయన ఎదురుగా కూర్చుని పెట్టవచ్చు.