కతోలిక పెళ్ళికి వెళ్తున్నారా? అతిథుల్లో ఉండే అపోహలు - వాస్తవాలు

మన ఊళ్ళలో కతోలిక పెళ్ళికి అన్ని మతాల బంధుమిత్రులూ వస్తారు. మర్యాద అనుకుని వాళ్ళు చేసే పనులే కొన్నిసార్లు గుడిలో (చర్చిలో) ఇబ్బంది తెస్తాయి. ముందే తెలిస్తే ఆ ఇబ్బంది ఉండదు.

అపోహ: తాళి కట్టే వేళకు చేరుకుంటే చాలు.

వాస్తవం: తాళి కట్టేసరికి పెళ్ళి అయిపోయి ఉంటుంది. వధూవరులు కుడిచేతులు కలిపి, సుఖంలోనూ కష్టంలోనూ ఒకరికొకరు నమ్మకంగా ఉంటామని అందరి ముందూ నోటితో చెప్పే సమ్మతే వివాహం. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 1057వ సూత్రం చెప్పేది ఇదే. ఫాదర్‌గారు ఆ సమ్మతిని శ్రీసభ తరఫున స్వీకరిస్తారు. ఉంగరాలు, సిలువ గుర్తున్న మంగళసూత్రం ఆ తర్వాతే. పూజ (బలిపూజ, అంటే గుడిలో జరిగే ప్రధాన ఆరాధన) మొదలైన సుమారు అరగంటకు, ప్రసంగం ముగియగానే సమ్మతి ఘట్టం వస్తుంది. కార్డులో 10 గంటలని ఉంటే మీరు 9:45కే కూర్చుని ఉండండి.

ఎక్కువగా చెడేదీ ఇక్కడే. సెల్‌ఫోన్లు పట్టుకుని పీఠం ముందు మూగుతారు, వెనక వరుసలవాళ్ళకు ఏమీ కనిపించదు, కనిపించక మాటల్లో పడతారు, చివరికి ఆ ప్రమాణాలు ఎవరికీ వినపడవు. ఫొటోలు తీయడానికి ఒకరిద్దరున్నారు కదా, ఆ రెండు నిమిషాలు దయచేసి కూర్చుని వినండి. పెళ్ళికి వచ్చింది దానికోసమే.

అపోహ: ప్రసాదం ఇస్తే కాదనకూడదు కాబట్టి అందరూ వరుసలో వెళ్ళాలి.

వాస్తవం: దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) క్రీస్తు శరీరమని కతోలికుల విశ్వాసం. ఆ విశ్వాసంలో ఉండి, తగినట్టు సిద్ధపడినవాళ్ళే స్వీకరిస్తారు. హిందువులు, ముస్లింలే కాదు, సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు సంఘాలవాళ్ళు కూడా తమ చోటే కూర్చోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. పొరపాటున చేతిలోకి తీసుకుంటే జేబులో పెట్టుకోవద్దు, ఇంట్లో పిల్లలకని దాచవద్దు. వెంటనే ఫాదర్‌గారికి తిరిగి ఇచ్చేయండి.

కతోలికులకూ ఒక మాట. స్వీకరించడానికి గంట ముందునుంచి ఏమీ తినకూడదు. పెళ్ళివారింట టిఫిన్ ఆలస్యమైతే ఇది తప్పుతుంది. గంట లెక్కించాల్సింది పూజ మొదలయ్యే సమయానికి కాదు, స్వీకరించే సమయానికి. మంచినీళ్ళు, మందులు ఫరవాలేదు.

అపోహ: "ఎవరికైనా అభ్యంతరముందా?" అని ఫాదర్‌గారు అడుగుతారు.

వాస్తవం: కతోలిక వివాహక్రమంలో ఆ ప్రశ్న లేదు. సాధారణంగా ముందు ఆదివారాల్లో గుడిలో పెళ్ళి ప్రకటనలు చదువుతారు. అడ్డంకి తెలిసినవాళ్ళు అప్పుడే చెప్పాలి.

అపోహ: బలిపూజ లేకపోతే అది సరైన పెళ్ళి కాదు.

వాస్తవం: ఒకరు కతోలికులై, మరొకరు జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందనివారైతే మేత్రాణుల వారి (బిషప్) కార్యాలయం నుంచి ముందే అనుమతి తీసుకుని, సాధారణంగా పూజ లేకుండా వాక్యపఠనం, సమ్మతి, ఆశీర్వాదంతో జరిపిస్తారు. ఆ పెళ్ళి పూర్తిగా చెల్లుతుంది. అతిథులు గమనించాల్సిందల్లా, పూజతో గంట పైనే పట్టేది ఇక్కడ అరగంట, నలభై నిమిషాల్లో ముగుస్తుంది. ఆలస్యంగా వస్తే చూడటానికి ఏమీ మిగలదు.

అపోహ: సాక్షులు కతోలికులే అయి ఉండాలి.

వాస్తవం: శ్రీసభ చట్టం ఇద్దరు సాక్షులుండాలంటుంది, వాళ్ళ మతం అడగదు. కానీ సమ్మతిని స్వయంగా విన్నవాళ్ళే సంతకం పెట్టాలి. బయట ఫోన్ మాట్లాడి చివర్లో వచ్చి రిజిస్టరులో సంతకం చేయడం సరికాదు.

అపోహ: తల కప్పుకోని ఆడవాళ్ళను లోపలికి రానివ్వరు.

వాస్తవం: 1917 నాటి శ్రీసభ చట్టంలో ఆ నియమం ఉండేది, 1983 చట్టంలో లేదు. మన గుళ్ళలో పైటకొంగు కప్పుకోవడం ఆచారంగా నిలిచింది. మీరూ పాటిస్తే సంతోషిస్తారు, అంతే. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకుంటే చాలు. గుమ్మం దగ్గర చెప్పులు కనిపిస్తే మీవీ అక్కడే వదలండి.

లేవడం, కూర్చోవడం ముందు వరుసను చూసి చేయండి. సువిశేషం (బైబిల్లో క్రీస్తు జీవితం, బోధలున్న భాగం) చదివేటప్పుడు అందరితో పాటు నిలబడితే మర్యాద. మోకరించడం మీ ఇష్టం, కూర్చునే ఉండవచ్చు. కానుక పళ్ళెం వస్తే వేయాలన్న బలవంతం లేదు. అక్షింతలు, పూలు గుడి బయటే చల్లండి. నున్నటి గచ్చు మీద బియ్యపు గింజలు పడితే పెద్దవాళ్ళు జారిపడతారు. చదివింపులు విందు దగ్గర ఇవ్వండి.