‘ఎక్కడికైనా సరే’ అనే పిల్లలతో ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో చిన్న ట్రావెల్స్ ఆఫీసు నడపడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. మొదట్లో పెళ్లి బృందాలు, వేములవాడ, యాదగిరిగుట్ట యాత్రలు ఎక్కువ. ఇప్పుడు సగానికి సగం కుటుంబ ట్రిప్పులే. ఫోను చేసేది ఎప్పుడూ నాన్నో అమ్మో. ఎంతమంది, ఎన్ని రోజులు, ఎలాంటి బండి అని అడిగాక పిల్లల వయసు కూడా అడుగుతాను. “పెద్దవాడికి పదిహేను, పాపకు పదమూడు” అన్నారంటే ఇంకాస్త సేపు మాట్లాడాలని అర్థం. ఐదేళ్ల పిల్లకు ఐస్‌క్రీమ్ చాలు. డెబ్బై ఏళ్ల తాతయ్యకు దర్శనం, వేళకు అన్నం చాలు. పదిహేనేళ్లవాడు మూతి ముడుచుకుని వెనక సీట్లో కూర్చుంటే మాత్రం బండి మొత్తానికీ మబ్బు పడుతుంది. అలాంటి బండ్లు చాలానే పంపాను, కొన్నింటిలో నేనూ వెళ్లాను.

అపోహ: ఈ వయసు పిల్లలకు గుళ్లు, కోటలు అంటే విసుగు. రిసార్టో వాటర్ పార్కో ఉండాల్సిందే.

వాస్తవం: గుళ్లో మనం వాళ్లచేత చేయించే పని ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. చెప్పులు విడువు, దండం పెట్టు, ఇక్కడ నిలబడు ఫోటో తీస్తాను, పద పద, ఆలస్యమవుతోంది. రామప్ప గుడిలో ఇలా ముప్పావు గంట గడిపితే నాకైనా విసుగే.

అదే రామప్పలో ఇంటర్ ఎంపీసీ చదువుతున్న ఒక అబ్బాయి గంటన్నర కదలకపోవడం చూశాను. బండి దిగుతుండగా నేను చెప్పినవి రెండే సంగతులు. పైన శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవి. కింద పునాది గొయ్యిని ఇసుకతో నింపి, ఆ ఇసుక మీద ఇంత రాతిని నిలబెట్టారు. “ఇసుక పక్కకు జారిపోదా?” అన్నాడు. నాకేం తెలుసు, నేను బీకాం. గైడును వాడే వెతికి పట్టుకున్నాడు. వాడి చెల్లెలు మదనికలనే స్త్రీ శిల్పాల దగ్గర ఆగిపోయింది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి రాతి అమ్మాయి కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు ఉన్నాయి మరి! 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడనీ, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందనీ వాళ్ల నాన్న బోర్డు మీద ఉన్నదంతా చదివి వినిపిస్తే ఒక్కరూ తలెత్తలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం 1213 అంటే గణపతిదేవుడి కాలమా, రుద్రమదేవి కాలమా అని అన్నాచెల్లెళ్లు ములుగు దాకా వాదించుకున్నారు. గణపతిదేవుడే. చెల్లెలు గెలిచింది.

అందుకే ఏ చోటికైనా వెళ్లేముందు పిల్లల చేతిలో ఒక చిక్కుప్రశ్న పెట్టండి. వరంగల్ కోటకైతే నేను ఇచ్చే ప్రశ్న ఇది: రాష్ట్ర చిహ్నంలో కనిపించే తోరణం లాంటివి నాలుగూ నాలుగు దిక్కులా చెక్కుచెదరకుండా నిలబడ్డాయి, మరి వాటి నడుమ ఉండాల్సిన గుడి ఏమైంది? జవాబు మీరు చెప్పకండి.

అపోహ: ఎన్ని ఎక్కువ పాయింట్లు చూస్తే డబ్బుకు అంత న్యాయం.

వాస్తవం: “ఒక్క రోజులో రామప్ప, లక్నవరం, మేడారం, బొగత అన్నీ అయిపోవాలి మేడమ్” అనే ఫోను వారానికి ఒకటైనా వస్తుంది. లెక్క వేసి చూపిస్తాను. బొగత జలపాతం ఉన్నది వాజేడు మండలంలో. హన్మకొండ నుంచి వెళ్లి రావడానికే రెండు వందల యాభై కిలోమీటర్లు దాటుతుంది. మధ్యలో మూడు చోట్ల ఆగితే రోజులో ఎక్కువ భాగం సీటు మీదే గడుస్తుంది. పిల్లవాడికి గుర్తుండేది ముందు సీటు వెనక భాగం. ఇలా తిరిగొచ్చిన ఒక అమ్మాయిని ఏం చూశావమ్మా అని అడిగితే “నాలుగు పార్కింగ్ స్థలాలు ఆంటీ” అంది. అప్పటి నుంచి రోజుకు రెండు చోట్లకు మించి నేను రాయను. బేరం పోయినా సరే.

రామప్పకు వెళ్తే ఆ రోజుకు జోడీగా లక్నవరం చాలు. చెరువు ఒడ్డున ఏ పనీ పెట్టుకోకుండా మూడు గంటలు వదిలేయండి. మొదటి గంట “ఇక్కడ చేయడానికేం లేదు” అంటారు. అది వినీ విననట్టు ఊరుకోండి. రెండో గంటలో ఏదో ఒకటి వాళ్లే వెతుక్కుంటారు.

అపోహ: పొద్దున్నే ఐదింటికి లేపకపోతే రోజంతా వృథా.

వాస్తవం: ఈ వయసులో నిద్ర గడియారమే వెనక్కి జరుగుతుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను పెద్దవాళ్లకంటే ఆలస్యంగా ఊరుతుంది కాబట్టి రాత్రి పదకొండైనా కళ్లు మూతపడవు, పొద్దున తెరుచుకోవు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. దాన్ని బద్ధకమని తిడుతూ బండెక్కిస్తే మధ్యాహ్నం దాకా తిట్లే ఫలహారం.

మన దగ్గర దీనికి ఇంకో ముడి ఉంది. ఇంటర్ పిల్లల్లో చాలామంది రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉంటారు. ఏడాది పొడవునా తెల్లవారుజామున గంట కొడితే లేచి పుస్తకం పట్టినవాళ్లు. దసరాకు నాలుగు రోజులు ఇంటికి వస్తారు. వచ్చిన మర్నాడే వేకువన అరకు ప్రయాణం! ఆ పిల్లవాడు కోరుకునేది తన మంచం, అమ్మ వండిన పప్పు, పాత స్నేహితులు. ఆడపిల్లలకైతే బతుకమ్మ కూడా ఉంది. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర స్నేహితురాళ్లంతా చేరుతుంటే, తను ఎక్కడో హోటల్ గదిలో కూర్చుని వాళ్ల ఫోటోలు చూడాలా? దసరా ట్రిప్పు అడిగినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మొదటి రెండు రోజులు ఇంట్లో వదిలేయండి, పండుగ కానివ్వండి, ఆ తర్వాత రెండు రోజులు తీసుకువెళ్లండి. ట్రిప్పులో ఒక్క వేకువ మాత్రం అడగండి. జన్నారం వైపు కవ్వాల్ అడవికి వెళ్తున్నారనుకోండి, జంతువులు పొద్దెక్కేదాకా మన కోసం ఆగవని వాళ్లకూ తెలుసు. అలాంటి వేకువకు వాళ్లే అలారం పెట్టుకుంటారు.

అపోహ: ఫోను లాక్కుంటే ప్రకృతిని చూస్తారు.

వాస్తవం: లాక్కుంటే మిమ్మల్ని చూస్తారు, గుర్రుగా. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దారిలో సిగ్నల్ ఎలాగూ వచ్చిపోతుంటుంది. ఆ పని అడవికి వదిలేయండి. బయలుదేరే ముందు రాత్రే మ్యాప్ దించుకోమని వాళ్లకు చెప్పి, దారి చూపే పని వాళ్లకే అప్పగించండి. మా డ్రైవర్లకు ఇది మొదట్లో నచ్చలేదు, ఇప్పుడు అలవాటైంది. వంపుల దారిలో మాత్రం ఫోను లోపల పెట్టించాల్సిందే. కారణం కూడా చెప్పండి, వింటారు: చెవి లోపలి భాగం కదలికను పసిగడుతుంది, కళ్లు కదలని తెరను చూస్తుంటాయి. ఆ రెండు కబుర్లూ పొసగక కడుపులో తిప్పుతుంది. పోతే, పడవ మీద కూర్చుని ఆఫీసు ఫోనులో గంట మాట్లాడే నాన్నలకు ఈ విషయంలో నోరెత్తే హక్కు లేదు.

అపోహ: వాళ్లనే అడుగుతున్నాం కదా! “ఎక్కడికైనా సరే” అంటున్నారు.

వాస్తవం: “ఎక్కడికి వెళ్దాం?” అన్న ప్రశ్నలో ఎంత డబ్బుందో, ఎన్ని రోజులున్నాయో, నానమ్మ వస్తుందో రాదో తెలియదు. పైగా పోయిన ఏడు తను చెప్పిన చోటును నాన్న నవ్వి కొట్టిపారేసిన సంగతి వాళ్లకు బాగా గుర్తు. “ఎక్కడికైనా” అన్న మాటకు “మీరు ఎలాగూ వినరు” అని అర్థం.

రెండేళ్ల కిందట నర్సంపేట వైపు కుటుంబం ఒకటి వచ్చింది. నానమ్మతో కలిపి ఆరుగురు. పదో తరగతి రాసిన అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని గోడ వైపు చూస్తోంది. రెండు రోజుల ట్రిప్పులో రెండో రోజు పూర్తిగా ఆమెదే అన్నాను. నాలుగు వేల రూపాయలు, ఆరుగురు మనుషులు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా. టిఫిను, పడవ, భోజనం, ఎక్కడ ఎంతసేపు అనేవన్నీ ఆమె లెక్క. వాళ్ల నాన్న కళ్లు నా వైపు ఉరిమాయి. ఆయన చేత ఒక మాట తీసుకున్నాను: తప్పు జరిగినా మధ్యలో దూరకూడదు.

తప్పు జరిగింది. లక్నవరంలో వేలాడే వంతెన అడుగడుక్కీ ఊగుతుంది. నానమ్మ మోకాళ్ల సంగతి ఆ అమ్మాయి లెక్కలో లేదు. ఆవిడ పది అడుగులు వేసి తీగ పట్టుకుని నిలబడిపోయింది. కొడుకు నోరు తెరవబోయి మూసుకున్నాడట. అమ్మాయే నానమ్మను ఒడ్డుకు నడిపించుకొచ్చి, మిగతావాళ్లను దీవికి పంపి, తను చెట్టు కింద కూర్చుంది. ఇద్దరూ సర్వపిండి తింటూ మాట్లాడుకున్నారు. నానమ్మ తన పెళ్లికి ముందు పాకాల చెరువు కట్ట మీద నడిచిన కథ ఇంట్లో ఎవరికీ అంతవరకు తెలియదు. మధ్యాహ్న భోజనం మూడున్నరకు దొరికింది. చిన్నవాడు ఆకలికి ఏడ్చాడు. నాలుగు వందల రూపాయలు మిగిలాయి. వాటికి లెక్క రాసిన కాగితం ఆ అమ్మాయి నాకు చూపించింది. నిరుడు మళ్లీ ఫోను వచ్చింది, ఈసారి చేసింది ఆమే. భోజనం ఒంటిగంటకే ఎక్కడ దొరుకుతుందని మొదటి ప్రశ్న.

అపోహ: వేసవి సెలవులు ఉన్నాయి కదా, జలపాతాలకు వెళ్దాం. ఈత కూడా వచ్చు.

వాస్తవం: మే నెలలో కుంటాలకు వెళ్తే ఎక్కువగా కనిపించేది బండలే. మన వైపు జలపాతాలకు వానలే ప్రాణం. జూలై నుంచి దసరా దాకా చూడాలి. అప్పుడే ప్రమాదం కూడా. కొలనులో నేర్చుకున్న ఈత పాచి పట్టిన రాళ్ల దగ్గర, పైన ఎక్కడో కురిసిన వానకు ఉన్నట్టుండి పెరిగే ప్రవాహం దగ్గర పనికిరాదు. కుంటాల దగ్గర ప్రాణాలు పోయిన సంగతి ఆదిలాబాద్ వైపు ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడ మాత్రం పిల్లలకు ఎంపిక ఇవ్వను. సిబ్బంది వద్దంటే వద్దు, రీలు కోసం కంచె దాటితే బండి అక్కడి నుంచే వెనక్కి. సాహసం కావాలని గొడవ చేసేవాళ్లకు రేగొండ మండలంలోని పాండవుల గుట్ట చూపించండి. ఎత్తైన బండలు, వాటి మీద ఆదిమానవులు వేసిన ఎర్రటి బొమ్మలు. ఎక్కేటప్పుడు అటవీ శాఖ వాళ్లు ఉండేలా చూసుకోవాలి.

అపోహ: కుటుంబ ట్రిప్పులో బయటివాళ్లు ఎందుకు?

వాస్తవం: మేనమామ కొడుకునో పక్కింటి స్నేహితుణ్నో ఒక్కణ్ని తెచ్చుకోనివ్వండి. సగం సమస్య తీరుతుంది. వాళ్ల అమ్మానాన్నల అనుమతి, పిల్లవాడి గుర్తింపు కార్డు మరవద్దు.

అపోహ: పిల్లలే కదా, అదే గదిలో సర్దుకుంటారు.

వాస్తవం: రైల్వే వాళ్లు పన్నెండు నిండగానే పూర్తి టికెట్ తీసుకుంటున్నారు. హోటల్ గదికి వచ్చేసరికి మాత్రం మనకు వాళ్లు ఇంకా చంటిపిల్లలే. అదనపు పరుపు అంటే చాలాచోట్ల నేల మీద పరిచే పలచటి బొంత. ఐదడుగుల పది అంగుళాల కుర్రాడు దాని మీద పడుకుంటే మోకాళ్ల కింది భాగమంతా గచ్చు మీదే. గది మాట్లాడేటప్పుడు పరుపు పొడవెంతో అడగండి. నేను టేపు పట్టుకుని కొలిచిన హోటళ్లు ఉన్నాయి.