పక్షి అట్లాస్‌లో నిండాల్సిన గడులు

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు లోపలి ప్రాంతానికి 2025లో పక్షి అట్లాస్ సర్వే, అంటే ఏ పక్షి ఎక్కడుందో పటం మీద గడి గడికీ నమోదు చేసే పని, మొదలైంది. ఇలాంటి సర్వే ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి కనిపించిన జాతుల సంఖ్య సరిపోదు. పటం మీద గీసిన గడుల్లో ఎన్నింటికి మనుషులు వెళ్లి వచ్చారన్నదే అసలు లెక్క. పక్షుల కోసం ఇష్టంగా తెల్లవారకముందే బయల్దేరేవారికి ఇది మొదట్లో మింగుడుపడదు, ఎందుకంటే వారిని పంపేది పిట్టలు పుష్కలంగా ఉండే చెరువు గట్టుకు కాదు, గడి ఎక్కడ పడితే అక్కడికి.

నిజాం కాలంలో, 1931–32లో, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. 1933లో ట్రావన్‌కోర్, కొచ్చిన్ సంస్థానాలకు వెళ్లారు. కొద్దిమంది బృందంతో అక్కడక్కడా మకాం వేసి, నమూనాలు సేకరించి రాసిపెట్టిన ఆ వివరాలు ఎంత పక్కాగా ఉన్నాయంటే, 2009లో కేరళ పరిశోధకులు అవే చోట్లకు మళ్లీ వెళ్లి మార్పులను పోల్చి చూడగలిగారు. అయితే మకాముల నడుమ ఉన్న నేల సంగతి ఆ సర్వేలకు అందలేదు. పక్షి వీక్షకులు తాము చూసిన పక్షుల జాబితాలు చేర్చే ఆన్‌లైన్ వేదిక ఈబర్డ్ 2002లో మొదలై క్రమంగా మన దేశంలోనూ వ్యాపించి వీక్షకుల జాబితాలు కుప్పలుగా చేరుతున్నా, ఆ లోటు మరో రూపంలో మిగిలింది: పేరున్న చెరువుకు వందల జాబితాలు ఉంటాయి, పక్కనున్న మెట్ట పొలాలకు ఒక్కటీ ఉండదు. అక్కడ పక్షులు లేవా, చూసినవారే లేరా అన్నది ఆ పటాన్ని బట్టి ఎవరూ తేల్చలేరు.

దీనికి దారి బ్రిటన్‌లో మొక్కల శాస్త్రజ్ఞులు చూపారు. దేశాన్ని 10 కిలోమీటర్ల గడులుగా విడగొట్టి వారు 1962లో మొక్కల అట్లాస్ తెచ్చారు. అదే పద్ధతిలో 1968–72 మధ్య బ్రిటన్, ఐర్లండ్‌లలోని 3,862 గడుల్లో గూడు కట్టే పక్షులను వేలమంది వలంటీర్లు నమోదు చేశారు. 1988–91లోనూ, 2007–11లోనూ మళ్లీ అవే గడులను చూడడం వల్ల, అక్కడి వలస గువ్వ ఎక్కడెక్కడ కనుమరుగైందో గడి గడికీ తెలిసింది.

మన దేశంలో మైసూరు నగరం 2014లో ముందడుగు వేసింది. రాష్ట్రమంతటా చేసిన తొలి అట్లాస్ మాత్రం కేరళది. 2015 నుంచి 2020 వరకు వెయ్యిమందికి పైగా అందులో పాల్గొన్నారు. రాష్ట్రాన్ని 3.3 కిలోమీటర్ల చదరాలుగా, ఒక్కో చదరాన్ని తొమ్మిది చిన్న గడులుగా విభజించి, ఆ తొమ్మిదింటిలో ఒకదాన్ని ముందుగానే యాదృచ్ఛికంగా ఎంపిక చేశారు. అలా దాదాపు 4,000 గడులు తేలాయి. వానల్లో అరవై రోజులు, ఎండు కాలంలో అరవై రోజులు, ప్రతి గడిలో పావుగంట చొప్పున నాలుగు జాబితాలు రాయాలి.

ఆ గంట ఎలా గడుస్తుందో ఒకసారి ఊహించండి. గడి రబ్బరు తోటలో పడింది, జూలై వాన కురుస్తోంది, ఫోను పాలిథిన్ కవరులో ఉంది. తోట లోపలినుంచి జెముడు కాకి కూత రెండుసార్లు వినిపిస్తుంది, గోరింకలు రెండు ఎగిరిపోతాయి, కాకులు ఐదు. అరుదైనదేదీ దొరకలేదని ఆ జాబితా రాయకుండా వచ్చేస్తే అట్లాసుకు అక్కడే గండి పడుతుంది. వలంటీర్లలో ఓపిక సన్నగిల్లేది సరిగ్గా ఇలాంటి గడుల దగ్గరే కాబట్టి, వాటికి వెళ్లి వచ్చినవారికే నా అభిప్రాయంలో ఎక్కువ గౌరవం దక్కాలి.

చివరికి కేరళ అట్లాస్‌లో 25,000 జాబితాల నుంచి సుమారు 3 లక్షల నమోదులు, 361 జాతులు లెక్కకు వచ్చాయి. వాటిలో 94 అత్యంత అరుదైనవి. స్థానీయ జాతులు, అంటే ఒక ప్రాంతానికే పరిమితమై మరెక్కడా లేనివి, ఎక్కువగా పశ్చిమ కనుమల్లో ఉంటే, ముప్పులో ఉన్న జాతులు ఎక్కువగా తీరం వెంబడి కనిపించాయి. పక్షుల రక్షణ అనగానే అడవినే తలచుకునే మనకు ఈ రెండో సంగతి చాలా ముఖ్యం. తీరంలోని గడులను కూడా అదే నియమంతో చూసినందువల్లే అది పటం మీద స్పష్టంగా తేలింది.

హైదరాబాద్ పరిస్థితి వేరు, ఎందుకంటే ఇక్కడ గడి అపార్ట్‌మెంట్ల సందులోనో, ప్రహరీ కట్టిన స్థలం ముందో పడవచ్చు. అనంతగిరికో మంజీరాకో వెళ్లాల్సిన ఆదివారం ఉదయాన్ని అలాంటి సందుకు ఇవ్వగలిగినవారే ఈ సర్వేను ముందుకు నడపగలరు. ఇరవై పావురాలు, నాలుగు కాకులు, ఒక తేనెపిట్ట అని రాసి పంపినా ఆ జాబితా పూర్తయినట్టే.